పదకొండు సెకన్లు

గుడిపాల రోడ్డు మీద గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెలంతా గాలి కూడా జిగటే.
తోతాపురి లోడు దిగినకాడ్నించీ
ఈగలకీ మాకూ ఒకటే షిఫ్టు.

నోటీసు నేనే టైపు చేసినా.
"పనిస్థలంలో ప్రార్థనలు, మత ప్రచారం నిషిద్ధం."
కింద మేనేజరు సంతకం.
జిగురు పూసి గోడకంటించిన వేళ్ళు నావి.
ఎదురుగా బాయిలరుకి
సీజను మొదటిరోజు పెట్టిన కుంకుమబొట్టు,
కింద కొబ్బరినీళ్ళ మరక.
దాన్ని ప్రార్థన అనరు, ఆనవాయితీ అంటారు.
అన్నది నేను కాదు. నేనేమీ అనను.
అదే నా ఉద్యోగం.

కోతబల్ల మూడో వరసలో రూతమ్మ.
కత్తి ఆడితే టెంక ఒకపక్క, కండ ఒకపక్క.
భోజనం గంట కొడితే
చేతులు కడుక్కుని, గిన్నె మూత తీసి
కళ్ళు మూస్తుంది.
సంగటి ముద్ద మీద, ఊరుబిండి మీద
పెదాలు కదుల్తాయి, చప్పుడుండదు.
ఒకసారి గడియారం చూసినా: పదకొండు సెకన్లు.
అంతసేపూ
పక్కన కూచున్న వళ్ళెమ్మ అప్పళం కొరకదు.
నూర్జా ముద్ద చేతిలో పట్టుకుని ఆగుతుంది.
ఎవురూ చెప్పలా వాళ్ళకి.

ఫిర్యాదు వచ్చింది. రాసింది ఎవరో తెలుసు.
పిలిచినా.
"నోటీసు చదివినావా రూతమ్మా?"
"నాకు చదువు రాదు సార్. పాప చదివి చెప్పింది."
"మరి?"
"కండ్లు మూసుకునేదానిక్కూడా పర్మిషనా సార్?
కత్తి కాడ మూసుకుంటే వేలు తెగుతాది, అది తప్పే.
తిండి కాడ మూసుకుంటే ఏం తెగుతాది?"

నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరు ఉంది.
అందులో నా పేరు వి. చెంగల్రాయులు.
నీవా నదిలో నీళ్ళున్న ఏడాది
మోకాటిలోతులో నన్ను వెల్లకిలా ముంచి లేపినాయన
స్తెఫను అన్నాడు.
ఆ పేరు నీళ్ళలోంచి కాగితం మీదికి రాలా.
వస్తే కులం సర్టిఫికెట్టు పోతుంది,
అది పోతే మావాడి హాస్టల్ సీటు పోతుంది.
దేవుడికి అటెండెన్సు అక్కర్లేదని
నాకు నేనే సంజాయిషీ రాసుకున్నా.

ఆదివారం మాత్రం మొదటి బస్సుకి రాయవేలూరు.
సరిహద్దు దాటితే నన్నెరిగిన కళ్ళుండవు.
అరవ ప్రసంగం సగం అర్థం కాదు,
ఆ అర్థంకాని సగంలోనే కూచుంటాను,
ఆఖరి బెంచీలో, స్తంభం చాటున.

మెమో ముందుకు తోసి ఇంకుప్యాడు తెరిచినా.
మామిడి సొన కాల్చిన బొటనవేలు,
ప్యాడు అక్కర్లేనంత నలుపు.
ముద్ర వేసి, కొంగుకి తుడుచుకుంటా అన్నది:
"మా ఆయప్పని రాయవేలూరు పెద్దాస్పత్రిలో చూపిస్తిమి సార్,
మాఘంలో. నాలుగు వారాలు ఆడే.
ఆదివారాలు చర్చికి పొయ్యేదాన్ని.
అరవం యాడ వస్తాది నాకు?
స్తంభం చాటున ఎవురో ఒకాయన
మాట రాకపోయినా రాగం పట్టుకుని పాడేవాడు.
ఆయన్ని చూసి నేనూ పాడేదాన్ని."

అంతే. ఆయన పేరు చెప్పలా.
ఇన్ని నెలలుగా తెలుసు ఆమెకి.
కోతబల్ల కాడ, జీతాల వరసలో,
వళ్ళెమ్మతో గాని నూర్జాతో గాని
ఒక్క మాట జారలా.
నా మీద కోపమొచ్చిన ఈ పూట కూడా
ఇంతే చెప్పి, వాకిలి దగ్గరగా వేసి పోయింది.

మెమో చింపినానని రాయాలని ఉంది.
చింపలా. ఫైల్లో పెట్టినా.
నోటీసూ గోడ మీదే ఉంది,
ఒక మూల ఊడి, ఈగలు కూచుని.

మరుసటి రోజు గంట కొట్టినారు.
అద్దం ఇవతల నా క్యారియరు విప్పినా.
అవతల ఆమె కళ్ళు మూసింది.
వళ్ళెమ్మ ఆగింది. నూర్జా ఆగింది.
నా చెయ్యి మెతుకుల దాకా పోయి
ఎందుకో అక్కడే నిలబడింది.
కళ్ళు మూయలేదు నేను.
లెక్కపెట్టినా, ఎనిమిది దాకా.
తర్వాత లెక్క తప్పింది.